ర్యామ్ నిండింది సరే, నింపిందెవరు? ఒంగోలు వర్క్‌స్టేషన్ ఒకదాని కేస్ స్టడీ

ఒంగోలులో ఒక డ్రోన్ సర్వే ఆఫీసు. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ క్వారీల మీద డ్రోన్ ఎగరేసి, తీసిన ఫొటోలతో త్రీడీ మోడల్ కట్టి, గుంతలోంచి ఎంత రాయి తీశారో, పక్కన ఎంత వ్యర్థం గుట్టగా పోశారో క్యూబిక్ మీటర్లలో తేల్చి చెప్పడం వాళ్ల వ్యాపారం. అప్పుడప్పుడు కొత్తపట్నం వైపు రొయ్యల చెరువుల కొలతలూ ఒప్పుకుంటారు. క్వారీ గుంతలు లోతు కాబట్టి ఎండ నడినెత్తికి వచ్చాకే డ్రోన్ లేపుతారు. లేకపోతే మెట్ల నీడలు పడి మోడల్ చెడుతుంది. అందుకని ఫొటోలు ఆఫీసుకు చేరేసరికి సాయంత్రం అవుతుంది. ప్రాసెసింగ్ పెట్టి ఇంటికి వెళ్లిపోతారు, పొద్దున్నే రిపోర్ట్ తీసుకుంటారు. కొంతకాలంగా పొద్దున వచ్చి చూస్తే రిపోర్ట్ లేదు, స్క్రీన్ మాత్రం బిగుసుకుపోయి ఉంటోంది. మౌస్ కదపితే అరనిమిషానికి ఒక అంగుళం జరుగుతుంది.

మిషన్ చిన్నదేమీ కాదు. 8 కోర్ల ప్రాసెసర్, 32 జీబీ ర్యామ్, సిస్టమ్‌కు 480 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ, డేటాకు 4 టీబీ హార్డ్ డిస్క్. ఓఎస్ డెబియన్ లినక్స్. స్వాప్ పార్టిషన్ (ర్యామ్ చాలనప్పుడు మెమరీ ముక్కలను దించిపెట్టే డిస్క్ భాగం) 1 జీబీకి కాస్త తక్కువ. ఇన్‌స్టాల్ చేసిన రోజు డెబియన్ తనంతట తాను ఇచ్చిన సైజు అది, తర్వాత దాని జోలికి ఎవరూ పోలేదు. మోడల్ కట్టేది ఓపెన్‌డ్రోన్‌మ్యాప్, అది డాకర్‌లో, అంటే కంటైనర్ అనే విడి డబ్బాలో నడుస్తుంది. పక్కన మ్యాపులు చూసే క్యూజీఐఎస్, ఒక బ్రౌజర్ ఎప్పుడూ తెరిచే ఉంటాయి.

“ఏందన్నా ఇది, ఇదే మిషన్ మీద పోయిన సంవత్సరం నాలుగొందల ఫొటోలు అవలీలగా చేశాం. ఇప్పుడు మూడొందలకే చతికిలబడుతోంది. ర్యామ్ పోయిందంటావా?” అని, మిషన్ చూడమని నన్ను పిలిచిన ఆఫీసు యజమాని అడిగారు. ర్యామ్ పోలేదు. మెమ్‌టెస్ట్ రాత్రంతా పెట్టి చూశారట, ఒక్క ఎర్రర్ రాలేదు. కంప్యూటర్ షాపు వాళ్లు ఇంకో 32 జీబీ వేయించమని కొటేషన్ ఇచ్చి ఉన్నారు. ఆపరేటర్ కుర్రాడు ఊరికే కూర్చోలేదు. నెట్‌లో చదివి, ఓఎస్ కేంద్ర భాగమైన కెర్నల్ స్వాప్ వైపు ఎంత మొగ్గాలో చెప్పే స్వాపినెస్‌ను 60 నుంచి 10కి దించాడు, గంటకోసారి క్యాష్ (ర్యామ్‌లో ఉంచుకునే డిస్క్ ఫైళ్ల నకళ్లు) ఖాళీ చేసేలా, పనులను వేళకు నడిపే క్రాన్‌లో ఒక లైను పెట్టాడు. ఆ రెండింటివల్లా ఒరిగింది లేదు.

అతను మాటల మధ్యలో ఇంకొకటి చెప్పాడు. “రీస్టార్ట్ చేస్తే చాలామట్టుకు ఒకసారి బాగానే నడుస్తదన్నా. రెండోదో మూడోదో పెట్టేసరికి మళ్లీ మొదలు. ఒక్కోసారి ఫొటోలు కాపీ అయ్యేటప్పుడే డివైస్‌లో చోటు లేదంటది. చూస్తే ఎస్‌ఎస్‌డీలో తొంభై జీబీ ఖాళీ ఉంటది.” యజమాని ఆ మాట పట్టించుకోలేదు, ఆయన దృష్టి కొటేషన్ మీద ఉంది. నేను మాత్రం దాన్ని కాగితం మీద రాసుకున్నాను. మెమరీ సమస్య ఉన్న మిషన్ డిస్క్‌లో చోటు లేదని ఎందుకు అంటుంది? రెండు ఫిర్యాదులూ ఒకే చోట కలిసే అవకాశం ఒకటుంది. దాని సంగతి కింద వస్తుంది.

పని లేనప్పుడు చూసింది

ముందుగా నేను చెప్పింది ఒక్కటే: ఇప్పుడు రీస్టార్ట్ చేయొద్దు. ఇలాంటి కేసుల్లో రీస్టార్ట్ చేస్తే ఆధారాలన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. అంతకుముందు రెండు జాబ్‌లు మధ్యలో చచ్చి, ఆ తర్వాత మిషన్ ఆపకుండా అలాగే ఉంది. నాకు కావలసింది సరిగ్గా ఆ స్థితే. ప్రాసెసింగ్ ఏదీ నడవడం లేదు, డాకర్‌లో కంటైనర్ ఒక్కటీ లేదు.

ఫ్రీ కమాండ్ ఇచ్చిన లెక్క ఇది: టోటల్ 31 జీబీ, యూజ్డ్ 18, ఫ్రీ 5, షేర్డ్ 13, బఫర్-క్యాష్ 21, అవైలబుల్ 13. స్వాప్ 975 ఎంబీకి 975 ఎంబీ నిండిపోయింది.

పని ఏమీ లేని మిషన్‌లో 18 జీబీ వాడకం ఏమిటన్నది మొదటి అనుమానం. రెండోది, 18, 5, 21 కలిపితే 44 వస్తోంది, ఉన్నదేమో 31. ఇది బగ్ కాదు. ఫ్రీ కమాండ్ వచ్చే ప్రాక్‌పీఎస్ ప్యాకేజీ 4వ వెర్షన్ నుంచి యూజ్డ్ అంటే టోటల్‌లోంచి అవైలబుల్ తీసేయగా మిగిలింది. అంతకుముందు ఫ్రీనీ, బఫర్లనూ, క్యాష్‌నూ తీసేస్తే మిగిలేదాన్ని యూజ్డ్ అనేవాళ్లు. ఈ కొత్త లెక్కలో, క్యాష్ పద్దులో కనిపిస్తూనే అవసరానికి వదలని మెమరీ ఏదైనా ఉంటే అది యూజ్డ్‌లోనూ పడుతుంది, బఫర్-క్యాష్‌లోనూ పడుతుంది. 44కీ 31కీ తేడా 13. షేర్డ్ కాలమ్‌లో ఉన్నదీ 13. పాత వెర్షన్‌లో చూసే అలవాటున్నవాళ్లు “క్యాషే కదా, అడిగితే వదిలేస్తుంది” అని ఈ 13 జీబీని దాటేసి వెళ్లిపోతారు. క్యాష్ పేరుతో ఉన్నదంతా వదిలే రకం కాదు.

తర్వాత ప్రాసెస్‌లన్నిటి వాస్తవ వాడకం కూడించాను. ప్రాసెస్ ర్యామ్‌లో ఉంచుకున్నదంతా చూపే ఆర్ఎస్ఎస్ కాలమ్ కూడితే షేర్డ్ లైబ్రరీలు పదేపదే లెక్కలోకి వచ్చి మొత్తం ఉబ్బుతుంది. అందుకని ఎస్‌మెమ్ పెట్టి, పంచుకున్న పేజీలను (మెమరీ ముక్కలను) వాటాలుగా విడగొట్టే పీఎస్ఎస్ లెక్క తీశాను. క్యూజీఐఎస్, బ్రౌజర్, డెస్క్‌టాప్ అన్నీ కలిపి 4 జీబీ చిల్లర. స్వాప్‌కూ ఇదే పరీక్ష. /ప్రాక్ కింద ప్రతి ప్రాసెస్ స్టేటస్ ఫైల్‌లో వీఎంస్వాప్ అని ఒక లైను ఉంటుంది. అన్నీ కూడితే 80 ఎంబీ దాటలేదు. స్వాప్‌లో ఉన్నదేమో 975.

ర్యామ్‌లో 13 జీబీ, స్వాప్‌లో దాదాపు 900 ఎంబీ ఏ ప్రాసెస్ ఖాతాలోనూ లేవు. ప్రాసెస్‌ల జాబితా చూపే హెచ్‌టాప్‌ను మెమరీ వారీగా పేర్చి పైనున్న పేరును అనుమానించే పద్ధతి ఇక్కడ పనిచేయదు. నింపినవాడు ఆ జాబితాలోనే లేడు.

ప్రాసెస్ లెక్కలో దొరకని మెమరీ ఉండే చోట్లు కొన్నే. కెర్నల్ తన సొంత అవసరాలకు వాడే స్లాబ్‌లో వదలని భాగం, ముందే పక్కన పెట్టిన హ్యూజ్ పేజీలు, జెడ్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్ వాడితే దాని క్యాష్ అయిన ఏఆర్‌సీ, కొన్ని గ్రాఫిక్స్ డ్రైవర్లు, ఇంకా టెంప్‌ఎఫ్‌ఎస్. /ప్రాక్/మెమ్‌ఇన్ఫో చదివితే తేలిపోతుంది. స్లాబ్‌లో వదలనిది 400 ఎంబీ లోపే. హ్యూజ్ పేజీలు సున్నా. టెంప్‌ఎఫ్‌ఎస్‌నూ, పంచుకునే మెమరీనీ కలిపి చూపే ఎస్‌హెచ్‌మెమ్ లైను 13 జీబీ. ఇక టెంప్‌ఎఫ్‌ఎస్‌లను మాత్రమే చూపించమని డీఎఫ్‌ను అడిగాను. తాత్కాలిక ఫైళ్ల ఫోల్డర్ /టీఎంపీ: సైజు 16 జీబీ, వాడింది 14, మిగిలింది 2.

లోపల రెండు ఫోల్డర్లు, ఒక్కొక్కటీ 7 జీబీ. ఒకటి చీమకుర్తి క్వారీది, ఒకటి చెరువుది. రెండూ మధ్యలో చచ్చిన జాబ్‌లే. క్వారీ ఫోల్డర్‌లో 340 డ్రోన్ జేపీజీలు 3 జీబీ, మిగతాది ప్రాసెసింగ్ మధ్యలో పుట్టిన ఫైళ్లు.

టెంప్‌ఎఫ్‌ఎస్ అంటే ర్యామ్‌లోనే ఉండే ఫైల్ సిస్టమ్. అందులో పెట్టిన ఫైల్ డిస్క్‌లో ఎక్కడా ఉండదు కాబట్టి కెర్నల్ దాన్ని మామూలు క్యాష్‌లా పారేయలేదు. మహా అయితే స్వాప్‌లోకి తోస్తుంది. స్వాప్ నిండిపోవడానికి కారణం అదే. ఆపరేటర్ పెట్టిన క్రాన్ లైను పనిచేయకపోవడానికీ అదే. డ్రాప్ క్యాషెస్ శుభ్రంగా ఉన్న ఫైల్ క్యాష్‌ను వదిలిస్తుంది తప్ప టెంప్‌ఎఫ్‌ఎస్‌ను తాకదు, తాకితే ఫైళ్లు పోతాయి. అది చేసిందల్లా గంటకోసారి పనికొచ్చే క్యాష్‌ను పారబోసి, మళ్లీ ఎస్‌ఎస్‌డీ నుంచి చదివించడం.

యజమానికి ఆయన భాషలోనే చెప్పాను: “యార్డులో బ్లాకులు దించిన లారీ వెళ్లిపోయింది సార్, కొన్న పార్టీ పత్తా లేడు. బ్లాకులు మాత్రం చోటు ఆక్రమించి అక్కడే ఉన్నాయి. మీరు యార్డు పెంచుదామంటున్నారు.” ఆయనకు వెంటనే ఎక్కింది. అలాంటి బ్లాకులు ఆయనకు తెలిసిన యార్డుల్లోనే ఉన్నాయట.

నిర్ధారణకు చెరువు ఫోల్డర్‌ను డేటా డిస్క్‌కు కాపీ చేసి, /టీఎంపీలో ఉన్నదాన్ని చెరిపేశాను. పాతది కాబట్టి దానిదే ఎక్కువ భాగం స్వాప్‌లోకి వెళ్లి ఉంటుందని అంచనా. అలాగే అయింది: 975 ఎంబీ ఉన్న స్వాప్ అదే క్షణంలో 140కి పడింది, యూజ్డ్ 18 నుంచి 12కి దిగింది. ఏ ప్రాసెస్‌నూ ఆపలేదు, స్వాప్ ఆఫ్ చేసి ఆన్ చేయలేదు. ఒక ఫోల్డర్ తీసేస్తే స్వాప్ ఖాళీ అయిందంటే అందులో ఉన్నది ఏమిటన్న దానికి ఇంకో సాక్ష్యం అక్కర్లేదు. డివైస్‌లో చోటు లేదన్న మాట కూడా ఇక్కడే విడిపోయింది. 2 జీబీ మిగిలిన /టీఎంపీలోకి 3 జీబీ ఫొటోలు కాపీ చేయబోతే ఇంకేమంటుంది?

పోయిన సంవత్సరం ఎందుకు రాలేదు

ఇదే స్క్రిప్టు, ఇదే మిషన్, అప్పుడు బాగుండి ఇప్పుడు ఎందుకు చెడింది? ఆప్ట్ హిస్టరీ లాగ్ తీసి చూస్తే ఇబ్బంది మొదలవడానికి కాస్త ముందు డెబియన్ 12 నుంచి 13కి అప్‌గ్రేడ్ అయి ఉంది. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో /టీఎంపీ డిఫాల్ట్‌గా టెంప్‌ఎఫ్‌ఎస్. పాత మిషన్‌ను అప్‌గ్రేడ్ చేసినా, రీబూట్ తర్వాత అదే వర్తిస్తుంది. హద్దు ర్యామ్‌లో సగం. రిలీజ్ నోట్స్‌లో స్పష్టంగానే రాశారు. రిలీజ్ నోట్స్ చదివి అప్‌గ్రేడ్ చేసేవాళ్లు మన వైపు ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు.

ఇదేమీ వింత ఏర్పాటు కాదు. సోలారిస్ ఓఎస్ దశాబ్దాలుగా /టీఎంపీని ఇలాగే పెడుతోంది, ఫెడోరా లినక్స్ 18వ వెర్షన్ నుంచి ఇదే చేసింది. చిన్న చిన్న తాత్కాలిక ఫైళ్లకు ఇది మంచి పద్ధతే: ఎస్‌ఎస్‌డీ మీద రాతలు తగ్గుతాయి, రీబూట్‌తో చెత్త పోతుంది. చిక్కల్లా /టీఎంపీని గోడౌన్‌లా వాడే స్క్రిప్టులతోనే వస్తుంది.

ఈ ఆఫీసు స్క్రిప్టు అలాంటిదే. రాసినాయన ఇప్పుడు అక్కడ లేడు, కానీ తెలివితక్కువగా ఏమీ రాయలేదు. డేటా హార్డ్ డిస్క్ నెమ్మది, /టీఎంపీ ఆ రోజుల్లో ఎస్‌ఎస్‌డీ మీద ఉండేది. అందుకని మెమరీ కార్డులోని ఫొటోలను /టీఎంపీలోకి కాపీ చేసి, అక్కడే ఓపెన్‌డ్రోన్‌మ్యాప్ నడిపి, ఫలితాన్ని హార్డ్ డిస్క్‌కు పంపి, చివరి లైనులో ఫోల్డర్ చెరిపేయడం. ఏ కమాండ్ విఫలమైనా అక్కడే ఆగిపోయేలా పైన సెట్ ఈ లైను పెట్టాడు. అదీ మంచి అలవాటే. కానీ జాబ్ మధ్యలో చస్తే స్క్రిప్టు అక్కడే ఆగుతుంది, చెరిపే చివరి లైను దాకా పోదు. ఎస్‌ఎస్‌డీ మీద ఉన్నప్పుడు అది డిస్క్‌లో చెత్తగా మిగిలేది. ర్యామ్‌లోకి మారాక అదే చెత్త తర్వాతి జాబ్‌కు పీకల మీదికి వచ్చింది.

పని నడుస్తుండగా చూసింది

చెత్త తీసేస్తే సరిపోతుందని ఇక్కడ ఆగిపోవచ్చు. కానీ రీస్టార్ట్ చేసిన వెంటనే పెట్టిన 340 ఫొటోల జాబ్ కూడా చచ్చిందని వాళ్లు చెప్పారు. పాత చెత్త లేకుండా కూడా ఎలా చస్తుందో కళ్లారా చూడాలి. రీస్టార్ట్ చేయించి, అదే క్వారీ ఫొటోలతో జాబ్ పెట్టించి, వేరే ల్యాప్‌టాప్ నుంచి, దూరాన్నుంచి కమాండ్లు ఇచ్చే ఎస్‌ఎస్‌హెచ్‌లో కూర్చున్నాను. డెస్క్‌టాప్ బిగుసుకుపోయినా ముందే తెరిచి పెట్టుకున్న ఎస్‌ఎస్‌హెచ్ విండో ఏడుస్తూనైనా నడుస్తుంది.

మెమరీ, స్వాప్, డిస్క్ రాకపోకలు చూపే వీఎంస్టాట్‌ను 5 సెకన్లకొకసారి పెట్టాను. మొదటి లైను బూట్ అయినప్పటి నుంచి సగటు కాబట్టి అది వదిలేయాలి. గంటన్నర దాకా అంతా సాఫీగానే సాగింది. పాయింట్ క్లౌడ్‌ను (ఫొటోల నుంచి లెక్కగట్టిన త్రీడీ బిందువుల గుంపును) చిక్కబరిచే దశ మొదలయ్యాక, స్వాప్‌లోకి వెళ్లేది చూపే ఎస్ఓ కాలమ్ ఒక్కసారి ఎగిసింది, ఒకటి రెండు నిమిషాల్లో స్వాప్ నిండింది, ఎస్ఓ సున్నాకు పడింది. ఆ తర్వాత చాలాసేపు స్వాప్ నుంచి తిరిగొచ్చేది చూపే ఎస్ఐ, ఎస్ఓ రెండూ దాదాపు సున్నాలే.

స్వాప్ ఎంత నిండిందన్నది కాదు, దాని రాకపోకలు చూడాలని నేనే చాలామందికి చెబుతుంటాను. నిండి కదలకుండా ఉన్న స్వాప్ వల్ల ఏ నష్టమూ లేదు, అవసరం లేని పేజీలు పక్కన పడి ఉన్నాయంతే. ఆ సూత్రం ఒక్కటే పట్టుకుంటే ఈ సున్నాలు చూసి మిషన్ కులాసాగా ఉందనుకోవాలి. కానీ అప్పటికి స్క్రీన్ బిగుసుకుపోయింది. పక్క కాలమ్‌లు వేరే కథ చెబుతున్నాయి: ఆగి ఎదురుచూస్తున్న ప్రాసెస్‌ల సంఖ్య చూపే బీ కాలమ్‌లో 9, ఐఓ కోసం ప్రాసెసర్ వృథాగా గడిపే డబ్ల్యూఏ 60 పైన, డిస్క్ నుంచి చదివే బీఐ సెకనుకు 3 లక్షల 80 వేల బ్లాకులు. సాటా ఎస్‌ఎస్‌డీ దాదాపు దాని శక్తి కొద్దీ చదువుతోందన్నమాట. ఏం చదువుతోంది?

ప్రోగ్రామ్‌ల కోడ్‌నే. ఒక ప్రోగ్రామ్ నడిచేటప్పుడు దాని ఎగ్జిక్యూటబుల్, లైబ్రరీల పేజీలు ర్యామ్‌లో ఉంటాయి. అవి డిస్క్‌లో ఎలాగూ ఉన్నాయి కాబట్టి కెర్నల్ దృష్టిలో పారేయదగ్గ క్యాషే. స్వాప్ నిండాక డేటా పేజీలను తోయడానికి చోటు లేదు, టెంప్‌ఎఫ్‌ఎస్‌ను పారేయడానికి లేదు, మిగిలింది ఈ కోడ్ పేజీలు. వాటిని పారేస్తుంది, మరు మిల్లీసెకన్‌లో ప్రోగ్రామ్‌కు అదే పేజీ కావాలి, మళ్లీ డిస్క్ నుంచి చదువుతుంది, ఇంకోదాన్ని పారేస్తుంది. స్వాప్ లైనులో చలనం లేకుండానే మిషన్ మొత్తం కొట్టుమిట్టాడుతుంది. స్వాప్ అసలు లేకపోతే ఈ గొడవే ఉండదనుకుని తీసేసేవాళ్లకు సరిగ్గా ఇదే జరుగుతుంది, కాకపోతే ఇంకా ముందే. స్వాపినెస్ 10 చేయడం కూడా కెర్నల్‌ను ఈ దిక్కుకే నెట్టింది: డేటా పేజీలు కదపకు, ఫైల్ పేజీలు ముందు తీయి అని చెప్పినట్టు.

ఇలాంటప్పుడు నమ్మదగ్గ అంకె /ప్రాక్/ప్రెజర్/మెమరీలో ఉంటుంది. లినక్స్ 4.20లో, అంటే 2018లో వచ్చింది. కొన్ని డిస్ట్రిబ్యూషన్లలో బూట్ లైనులో పీఎస్ఐ (ఈ ఒత్తిడి లెక్క పేరు) ఈక్వల్స్ 1 అని ఇస్తే తప్ప పనిచేయదు, ఇక్కడ ఆ అవసరం పడలేదు. అందులో రెండు లైన్లు. సమ్ అన్నది కనీసం ఒక పని మెమరీ కోసం ఆగిన కాలం, ఫుల్ అన్నది నడవాల్సిన పనులన్నీ ఒకేసారి ఆగిపోయిన కాలం. రెండూ శాతాల్లో, 10, 60, 300 సెకన్ల సగటులుగా. స్వాప్ వల్ల ఆగిందా, కోడ్ పేజీ కోసం ఆగిందా అన్న తేడా చూడదు, ఆగిందా లేదా అన్నదే లెక్క. నేను చూసేసరికి ఫుల్ లైనులో 10 సెకన్ల సగటు 43. అంటే ప్రతి 10 సెకన్లలో 4 సెకన్లకు పైగా అసలు పనే జరగడం లేదు.

అలా కొన్ని నిమిషాలు నలిగాక, మెమరీ పూర్తిగా అయిపోతే ఏదో ఒక ప్రాసెస్‌ను చంపే కెర్నల్ ఓఓఎం కిల్లర్ దిగింది. జర్నల్‌లో కెర్నల్ మెసేజ్‌లు చూస్తే చంపిన ప్రాసెస్ పేరు 15 అక్షరాల దగ్గర కత్తిరించి ఉంది. పాయింట్ క్లౌడ్ చిక్కబరిచే ప్రోగ్రామే. దాని సొంత వాడకం 19 జీబీ. చాలామంది ఆ లైను చూసి “19 జీబీ తినేసింది, ఇంకేం ఉంటుంది” అని లాగ్ మూసేస్తారు. పైనున్న మెమరీ నివేదిక కూడా చదవాలి. అందులో ఎస్‌హెచ్‌మెమ్ 23 లక్షల 60 వేల పేజీలు. పేజీ 4 కేబీ, అంటే 9 జీబీ. జాబ్ సొంత ఫైళ్లే అవి, /టీఎంపీలో.

ఇప్పుడు లెక్క సరిపోతుంది. ప్రోగ్రామ్ 19, దాని ఫైళ్లు 9, డెస్క్‌టాప్ సరంజామా 4, కెర్నల్ వాటా. ఉన్నది 31. పాత ఏర్పాటులో ఆ 9 ఎస్‌ఎస్‌డీ మీద ఉండేవి కాబట్టి 400 ఫొటోలు కూడా సాగాయి. ఓఓఎం కిల్లర్ 19 జీబీ ప్రోగ్రామ్‌ను చంపాక ర్యామ్ కొంత తేలిక పడింది, కానీ /టీఎంపీలోని 9 జీబీ అలాగే ఉంది. ఓఓఎం కిల్లర్ చంపగలిగేది ప్రాసెస్‌లనే, ఫైళ్లను కాదు. టెంప్‌ఎఫ్‌ఎస్‌కు మితిమీరిన సైజు ఇస్తే ఓఓఎం దాన్ని విడిపించలేక మిషన్ చిక్కుకుపోతుందని కెర్నల్ డాక్యుమెంటేషన్‌లోనే హెచ్చరిక ఉంది.

మార్చినవి

స్క్రిప్టు పనిచేసే చోటును /టీఎంపీ నుంచి ఎస్‌ఎస్‌డీ మీద వేరే ఫోల్డర్‌కు మార్చాను. అసలు చికిత్స అదే. మిగతావి దానికి తోడు. చెరిపే లైనును స్క్రిప్టు చివర నుంచి తీసి ఎగ్జిట్ ట్రాప్‌లో పెట్టాను, జాబ్ గెలిచినా ఓడినా నడుస్తుంది. కరెంటు పోయి మిషన్ ఆగితే ట్రాప్ కూడా నడవదు, ఇప్పుడు ఫైళ్లు ఎస్‌ఎస్‌డీ మీద ఉంటాయి కాబట్టి రీబూట్‌తో పోవు. అందుకని వారం దాటిన ఫోల్డర్లను స్క్రిప్టు మొదట్లోనే ఊడ్చేలా ఒక లైను.

ఎస్‌ఎస్‌డీలో చోటు చూసేటప్పుడు ఇంకో విచిత్రం బయటపడింది. డీఎఫ్ చెప్పే వాడకానికీ, రూట్ నుంచి డీయూతో కూడిన మొత్తానికీ 58 జీబీ తేడా. తెరిచి ఉండగా చెరిపేసిన ఫైళ్లేమోనని ఎల్‌ఎస్‌ఓఎఫ్‌తో చూశాను, లేవు. ఆ 58 జీబీ /టీఎంపీ అడుగున ఉంది. అప్‌గ్రేడ్‌కు ముందు ఎస్‌ఎస్‌డీ మీది /టీఎంపీలో పేరుకున్న పాత జాబ్‌లు అవి. కొత్త టెంప్‌ఎఫ్‌ఎస్ అదే ఫోల్డర్ మీద మౌంట్ కావడంతో కనపడకుండా కప్పబడిపోయాయి. రూట్‌ను ఇంకో చోట బైండ్ మౌంట్ చేసి, అంటే అదే ఫైల్ సిస్టమ్‌ను రెండో దారిలో తెరిచి చూస్తే అన్నీ అక్కడే ఉన్నాయి. డెబియన్ 13కి మారిన వాళ్లు ఒకసారి ఇది చూసుకోవడం మంచిది. డిస్క్ ఎందుకు తగ్గిందో అర్థం కాక తల పట్టుకునే కేసులు దీనివల్ల వస్తాయి.

ఆ పాత జాబ్‌లు తీసేశాక వచ్చిన చోటులో 16 జీబీ స్వాప్ ఫైల్ పెట్టాను. ఫైల్ సిస్టమ్ ఈఎక్స్‌టీ4 కాబట్టి ఇబ్బంది లేదు. పర్మిషన్ 600, ఎఫ్‌స్టాబ్‌లో ఒక లైను. ఎస్‌ఎస్‌డీ అరిగిపోతుందని ఆపరేటర్ భయపడ్డాడు. చిక్కబరిచే దశలో కాసేపు 2, 3 జీబీ రాసినందుకు ఇప్పటి ఎస్‌ఎస్‌డీలు అరగవు, ఆ కొట్టుమిట్టాటలో జరిగిన చదువుడు, పాడైన రాత్రుల ఖర్చు దానికంటే ఎక్కువ. డేటాను కుదించి ర్యామ్‌లోనే స్వాప్‌లా ఉంచే జెడ్‌ర్యామ్ పెడితే ఎలా ఉంటుందని కూడా అడిగాడు. కంప్రెస్ అయ్యే డేటా ఉన్నప్పుడు అది మంచిదే. ఇక్కడ ర్యామ్‌ను ఆక్రమించిన ఫైళ్లలో 3 జీబీ జేపీజీలే, అవి ముందే కుదించి ఉన్నవి, ఇంకా కుంచించుకుపోవు. స్వాపినెస్ మళ్లీ 60కి, క్రాన్ లైను తీసివేత.

/టీఎంపీని తిరిగి ఎస్‌ఎస్‌డీకి మార్చేయొచ్చు, టీఎంపీ డాట్ మౌంట్ యూనిట్‌ను మాస్క్ చేసి రీబూట్ చేస్తే చాలు. నేను అలా చేయలేదు. టెంప్‌ఎఫ్‌ఎస్‌గానే ఉంచి, సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్‌తో సైజు హద్దు 2 జీబీకి దించాను. రేపు ఇంకెవరైనా ఇంకో స్క్రిప్టు పెద్ద ఫైళ్లతో /టీఎంపీలోకి దిగితే మొదటి నిమిషంలోనే చోటు లేదని ఆగిపోతుంది. అర్ధరాత్రి అందరినీ ముంచడం కంటే అది మేలు. ఇది నా ఇష్టం, దీనికి ఒప్పుకోని అడ్మిన్లు ఉంటారు.

ఇక డాకర్‌కు మెమరీ హద్దు 24 జీబీ, మెమరీ-స్వాప్ హద్దు 36. ఈ రెండో అంకె దగ్గర చాలామంది పొరబడతారు. అది స్వాప్ ఒక్కటే కాదు, ర్యామ్, స్వాప్ కలిపిన మొత్తం. అంటే కంటైనర్‌కు స్వాప్ 12 జీబీ. మితిమీరితే కంటైనర్ తన హద్దులో తనే చస్తుంది, డెస్క్‌టాప్ బతికి ఉంటుంది, పొద్దున వచ్చిన మనిషి లాగ్ అయినా చదువుకోగలడు.

అదే 340 ఫొటోల క్వారీ జాబ్ మళ్లీ పెట్టాం. చిక్కబరిచే దశలో స్వాప్ 2 జీబీ దాకా పోయింది, ఎస్ఓ కాసేపు కదిలి ఆగింది, ప్రెజర్ ఫుల్ లైనులో 300 సెకన్ల సగటు 1 దాటలేదు. క్యూజీఐఎస్‌లో మ్యాప్ జరుపుతూ ఉంటే చేతికి తేడా తెలియలేదు. పొద్దున్నకు రిపోర్ట్ డేటా డిస్క్‌లో ఉంది, పని ఫోల్డర్ ఖాళీ.

యజమాని దగ్గర కొటేషన్ కాగితం ఇంకా ఉంది. “అయితే ర్యామ్ అక్కర్లేదంటావా?” అన్నారు. ఇప్పుడున్న పనికి అక్కర్లేదు. కానీ ఒక పెద్ద క్వారీ మొత్తాన్ని ఒకే మోడల్‌గా అడుగుతున్నారట, 900 ఫొటోలు. ఓపెన్‌డ్రోన్‌మ్యాప్ డాక్యుమెంటేషన్ ఇచ్చే అంచనా ర్యామ్, స్వాప్ కలిపి 500 ఫొటోలకు 32 జీబీ, 1500కు 64. స్ప్లిట్ ఆప్షన్‌తో ముక్కలుగా చేయించి కలపొచ్చు, ఆ ముక్కలు ఒకదాని మీదికొకటి రావాల్సిన దూరం డిఫాల్ట్‌గా 150 మీటర్లు, కానీ కొలతల పనిలో అతుకుల దగ్గర ఎత్తు తేడాలు వస్తే వివరణ ఇచ్చుకోవాల్సింది వీళ్లే. క్యూబిక్ మీటర్ల మీద డబ్బు లెక్క ఉన్నప్పుడు నేను అతుకుల వైపు పోను. ఆ కాంట్రాక్టు ఖాయమైతేనే ఇంకో 32 జీబీ వేయించమన్నాను. మదర్‌బోర్డులో రెండు స్లాట్లు ఖాళీగా ఉన్నాయి, ఉన్నవాటి స్పీడుకు సరిపోయేవే తెప్పించాలి. డాకర్ హద్దులు అప్పుడు పెంచుకోవాలని స్క్రిప్టులో ఆ లైను పక్కనే రాసి పెట్టాను. /టీఎంపీ హద్దు మాత్రం 2 జీబీలోనే ఉంచమని ఆపరేటర్‌కు చెప్పాను. సగం లెక్కకు వదిలేస్తే 64 జీబీ వేసిన రోజున అది 32 అయి కూర్చుంటుంది.